జాడీలోని జంతువు ఏ వర్గానిదో తేల్చడం ఎలా?

జువాలజీ మొదటి సంవత్సరంలో చాలామందికి టెన్షన్ పుట్టించే పని ఒకటుంది. బల్ల మీద జాడీ, జాడీలో పాలిపోయిన ఏదో జీవి, పక్కన పేరు లేదు. అది ఏ వర్గానిదో (ఫైలం) రాయాలి, ఎందుకు అలా అనుకుంటున్నారో కూడా రాయాలి. థియరీలో వర్గాల లక్షణాలన్నీ గడగడా అప్పజెప్పినవాళ్లు కూడా ఇక్కడికొచ్చాక జాడీ వైపోసారి, పైకప్పు వైపోసారి చూస్తూ కూర్చుంటారు.

చిక్కంతా చదివిన వరుసలోనే ఉంది. పుస్తకం సౌష్టవం చెప్పి, వెంటనే పిండస్తరాల్లోకి (పిండంలో అవయవాలు పుట్టే కణపొరలు), శరీరకుహరంలోకి (శరీర కుడ్యానికీ జీర్ణనాళానికీ మధ్య ఖాళీ) వెళ్తుంది. పరిణామం అర్థం కావడానికి ఆ వరుస బాగుంటుంది. కానీ జాడీలోని జీవి తన పిండస్తరాలను మీకు చూపించదు. కోయకుండా దాని కుహరమూ కనిపించదు. అందుకని గుర్తుపట్టడానికి వేరే వరుస పెట్టుకోవాలి. కంటికి కనిపించేవి ముందు, కోస్తేనో స్లైడు చూస్తేనో తెలిసేవి తర్వాత, పిండదశ చూస్తే తప్ప తెలియనివి చివర.

ముట్టుకునే ముందు

ఫార్మలిన్‌లో ఉన్న నమూనా అయితే గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి, నమూనాను నీళ్లలో కడిగాకే ట్రేలో పెట్టండి. ఫార్మలిన్ ఆవిరి కళ్లను, ముక్కును మండిస్తుంది. జాడీ మూతి దగ్గర ముఖం పెట్టి చూసే అలవాటు మొదటి రోజే మానుకోవాలి.

నిల్వ చేసిన జీవి మూడు విషయాల్లో అబద్ధం చెబుతుంది. రంగు పోతుంది, కాబట్టి రంగును ఆధారంగా రాయకండి. మెత్తటి జీవులు ముడుచుకుపోతాయి, కాబట్టి పరిమాణాన్ని పూర్తిగా నమ్మకండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం: సాగదీసుకోగల భాగాలు లోపలికి వెళ్లిపోతాయి. సీ అనిమోన్‌ను మెంథాల్‌తోనో మెగ్నీషియం క్లోరైడ్‌తోనో మత్తెక్కించకుండా నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే స్పర్శకాలన్నీ లోపలికి లాక్కుని ఒక ముద్దలా మిగులుతుంది. ఆ ముద్దను చూసి "స్పర్శకాలు లేవు" అని రాస్తే దారి అక్కడే తప్పుతుంది. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. నోట్సులో ఈ రెండింటికీ వేర్వేరు గుర్తులు పెట్టుకోండి.

నోరు ఎక్కడ?

వర్గం గురించి ఆలోచించకముందే జీవికి ముందు వెనకలు, పైవైపు కిందవైపు తేల్చండి. అర నిమిషం పని. ఇది చేయకుండా మిగతావేవీ సరిగ్గా పడవు.

తల ఉంటే సులువే. లేకపోతే నోరు వెతకండి, కానీ నోరు ఎప్పుడూ ముందు చివరే ఉంటుందని అనుకోవద్దు. ప్లనేరియా అనే చదునుపురుగుకు నోరు పొట్ట మధ్యలో ఉంటుంది. సముద్ర నక్షత్రానికి నోరు కిందికి ఉంటుంది. పైవైపు మధ్యకు కాస్త పక్కగా చిన్న గరుకు పలక ఒకటి కనిపిస్తుంది, అది మాడ్రిపొరైట్. వానపాములో నోటి పైన వేలాడే చిన్న భాగం ప్రోస్టోమియం, అది ఖండితం (ఒంటి పొడవునా వరసగా ఉండే ముక్కల్లో ఒకటి) కాదు. దాన్ని లెక్కలో వేసుకుంటే అన్ని అంకెలూ ఒకటి జరిగిపోతాయి. ఫెరిటిమా అనే వానపాములో క్లైటెల్లమ్ అనే దళసరి పట్టీ 14 నుంచి 16 ఖండితాల మీద, లంబ్రికస్‌లో సుమారు 32 నుంచి 37 మీద ఉంటుంది. అంటే వానపామును చూడగానే పట్టీ ఎంత ముందుందో చూస్తే చాలు, ఈ రెండు ప్రజాతుల్లో ఏదో సగం తేలిపోతుంది.

తర్వాత సౌష్టవం

జీవిని ఊహలో నిలువుగా కోయండి. ఎన్ని రకాలుగా కోస్తే రెండు సమాన భాగాలు వస్తాయి?

ఎలా కోసినా రాకపోతే స్పంజికలను అనుమానించండి. వాటిలో ఎక్కువ వాటికి నిర్దిష్ట ఆకారమే ఉండదు. చిన్న ముక్కను బ్లీచ్ ద్రావణంలో వేస్తే మెత్తటి కణజాలం కరిగిపోయి కంటకాలు మిగులుతాయి. మైక్రోస్కోపులో సూదుల్లా, మూడు కొమ్ముల చుక్కల్లా కనిపిస్తే ఇక సందేహం లేదు. ల్యాబ్‌లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఈ పని చేయండి. కంటకాలు లేని స్పంజికలు కూడా ఉన్నాయి కాబట్టి, ఏమీ మిగలకపోతే "స్పంజిక కాదు" అని తేల్చేయకండి.

నడిమి అక్షం గుండా చాలా విధాలుగా కోయగలిగితే వలయ సౌష్టవం. హైడ్రా, జెల్లీ చేప లాంటి నిడేరియన్లు ఇక్కడికి వస్తాయి. ఐదు భాగాలు కనిపిస్తే ఎకైనోడర్మేటా. సముద్ర దోసకాయ మాత్రం పొడుగ్గా పక్కకు పడుకుని పురుగులా కనిపిస్తుంది. దాన్ని ఒక చివర నుంచి, అంటే నోటి వైపు నుంచి చూడండి. నోటి చుట్టూ స్పర్శకాలు, ఒంటి పొడవునా ఐదు వరుసల నాళికాపాదాలు చాలా వాటిలో కనిపిస్తాయి.

ఒకే ఒక్క విధంగా మాత్రమే కోయగలిగితే ద్విపార్శ్వ సౌష్టవం. మిగిలిన జంతుప్రపంచం దాదాపు అంతా ఇక్కడే ఉంది, కాబట్టి ఈ జవాబుతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. అయితే ఆ కోత ఎక్కడ పడుతుందో చూడటం బాగా పనికొస్తుంది. ఆల్చిప్పను తీసుకోండి. దాని రెండు చిప్పలు కుడి, ఎడమ. కోత రెండు చిప్పల మధ్య నుంచి పోతుంది. అచ్చం ఆల్చిప్పలాగే ఉండే బ్రాకియోపాడ్‌కు చిప్పలు పైన ఒకటి, కింద ఒకటి. కోత రెండు చిప్పలనూ చీల్చుకుంటూ పోతుంది. దానికి మొలస్కాతో సంబంధం లేదు, అది వేరే వర్గం. పరీక్షల్లో ఈ జంటను పక్కపక్కన పెట్టడం ఎగ్జామినర్లకు భలే సరదా.

నత్త దగ్గర ఆగండి. చుట్ట తిరిగిన గుల్లను చూసి అసౌష్టవం అని రాసేస్తారు. దాని తల, పాదం ద్విపార్శ్వమే. డింభక (లార్వా) దశలో పైభాగం మెలి తిరగడం వల్ల లోపలి అవయవాల పొందిక మారింది.

ఖండితాలు, కాళ్లు

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. కీళ్లున్న కాళ్లు, గట్టి పెంకు, ఖండితాలు కలిసి కనిపిస్తే ఆర్థ్రోపొడా. ఇప్పటివరకు వర్ణించిన జంతు జాతుల్లో సుమారు 80 శాతం ఈ ఒక్క వర్గానివే. ఏమీ తోచక గుడ్డిగా ఆర్థ్రోపొడా అని రాసేవాడికి కూడా ప్రకృతిలో ఆ మాత్రం మార్కులు పడతాయి. పరీక్ష జాడీల్లో మాత్రం పడవు.

అసలు తలనొప్పి పొడుగ్గా, మెత్తగా, పురుగులా ఉండేవాటితో. "పురుగు" అనేది ఒక ఆకారం మాత్రమే, వర్గం పేరు కాదు. ఆ ఆకారంలో కనీసం ఆరు రకాల జీవులు మీ ముందుకు వస్తాయి. వాటిని విడదీయడానికి ఇలా చూడండి.

ఒళ్లంతా రిబ్బనులా బల్లపరుపుగా ఉందా? ప్లాటిహెల్మింథిస్, అంటే చదునుపురుగుల వైపు వెళ్లండి. బద్దెపురుగు మీద గడులు గడులుగా కనిపించేవి అసలైన ఖండితాలు కావు. వాటిని ప్రోగ్లాటిడ్లు అంటారు. తేడా ఎక్కడుందంటే, బద్దెపురుగులో కొత్త గడి తల వెనకే పుడుతుంది, పాతవి వెనక్కి జరుగుతూ పోతాయి. వానపాము వర్గంలో కొత్త ఖండితం తోక చివరకు కాస్త ముందు పుడుతుంది. బద్దెపురుగుకు నోరూ లేదు, జీర్ణనాళమూ లేదు.

గుండ్రంగా, నున్నగా, రెండు చివర్లా సన్నబడి, గీతలే లేకుండా ఉందా? నెమటోడా. ఏలికపాములో ఆడది 20 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది, తోక తిన్నగా ఉంటుంది. మగది చిన్నది, తోక కొక్కెంలా వంగి ఉంటుంది. ఈ వంపు చూసి లింగం కూడా చెప్పేయొచ్చు, ఒక మార్కు ఎక్కువ.

ఒంటి చుట్టూ వలయాలు ఉన్నాయా? అనెలిడా కావచ్చు, కానీ తొందరపడకండి. కడిగిన వానపామును వేలితో వెనక నుంచి ముందుకు నిమరండి. గరుకుగా తగిలే సన్నటి ముళ్లు శూకాలు. జలగకు శూకాలు ఉండవు, రెండు చివర్లా చూషకాలు ఉంటాయి. జలగ మీద వలయాలు లెక్కపెట్టి అన్ని ఖండితాలు అని రాయొద్దు. శరీరం మధ్య భాగంలో సాధారణంగా ఒక్కో ఖండితం మీద ఐదేసి వలయాలు ఉంటాయి.

వలయాలతో పాటు గట్టి తల, ముందువైపు మూడు జతల కీళ్ల కాళ్లు ఉంటే అది గొంగళిపురుగు, అంటే కీటకం డింభకం. వెనక కండగా కనిపించేవి కీళ్ల కాళ్లు కావు, వాటిని చూసి మోసపోకండి. ఒంటినిండా కాళ్లుంటే ఒక ఖండితాన్ని పట్టుకుని లెక్కపెట్టండి. ఒక్కో ఖండితానికి ఒక జత అయితే జెర్రి, ఎక్కువ వలయాల మీద రెండేసి జతలు ఉంటే రోకలిబండ.

వలయాలు ఉండి, కాళ్లు లేకుండా, నోరు తెరిస్తే దవడలు, పళ్లు కనిపిస్తే? అది సిసీలియన్. కప్పల బంధువు, వెన్నెముక ఉన్న జీవి, మట్టిలో బతికే ఉభయచరం. వానపామని రాసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నోరు తెరిచి చూడటానికి పది సెకన్లు పడుతుంది.

జీవి బతికే ఉంటే ఇంకా మేలు, కదలికే సగం జవాబు చెబుతుంది. వానపాముకు అడ్డంగా చుట్టుకునే కండరాలు, పొడవునా సాగే కండరాలు రెండూ ఉన్నాయి, అందుకే అది సన్నగా సాగగలదు, లావుగా ముడుచుకోగలదు. నెమటోడ్‌కు పొడవునా ఉండే కండరాలే ఉన్నాయి, సాగడం దానికి రాదు, అటూ ఇటూ కొట్టుకుంటుంది. మట్టి కలిపిన నీటి చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే కొరడాలా విదిలించుకునే సన్నటి జీవి కనబడుతుంది, చాలాసార్లు అది నెమటోడే. ప్లనేరియా పొట్ట మీది శైలికలతో (కదిలే సూక్ష్మమైన వెంట్రుకల్లాంటివి) జారిపోతుంది, ఒంట్లో అలలేవీ కనిపించవు. చూడటం అయ్యాక వాటిని తెచ్చిన చోటే వదిలేయండి.

ఖండితాలు లేవు, కాళ్లు లేవు, కండగల పాదం ఉంది, ఒంటిని కప్పే ప్రావారం ఉంది అంటే మొలస్కా. గుల్ల ఉండాలన్న నియమం లేదు, ఆక్టోపస్‌కు లేదు. కైటాన్ వీపు మీది ఎనిమిది పలకలను మాత్రం ఖండితాలు అనుకోకండి. చేప, కప్ప, బల్లి, పక్షి గురించి ఇక్కడ చెప్పక్కర్లేదు, వాటి వర్గం మీకు తెలుసు.

కోస్తే తెలిసేవి

పైన చూసినదాంతో తేలకపోతే అడ్డుకోత స్లైడు అడగండి. స్లైడులో ముందుగా రెండే రెండు చోట్ల చూడండి: శరీర కుడ్యానికీ జీర్ణనాళానికీ మధ్య ఖాళీ ఉందా, జీర్ణనాళం చుట్టూ కండర పొర ఉందా.

ఖాళీ లేకుండా కణజాలం నిండిపోయి ఉంటే చదునుపురుగు. ఖాళీ ఉండి, కండరాలు శరీర కుడ్యం వైపు మాత్రమే ఉండి, జీర్ణనాళం ఒకే వరస కణాలతో పల్చగా తేలుతున్నట్టు ఉంటే మిథ్యాశరీరకుహరం, అంటే నెమటోడ్. ఖాళీకి రెండు వైపులా పొర ఉండి, జీర్ణనాళానికి సొంత కండరాలు కూడా ఉంటే నిజ శరీరకుహరం, వానపాము స్లైడు అది. ఈ మూడు స్లైడులనూ ఒకే పూట వరసగా చూడండి. విడివిడిగా మూడు వారాల్లో చూస్తే తేడా మనసుకు పట్టదు.

బొద్దింకను కోసినప్పుడు లోపల పెద్ద ఖాళీ కనిపిస్తుంది. దాన్ని శరీరకుహరం అని రాయడం మామూలుగా జరిగే తప్పు. ఆర్థ్రోపొడాలో అసలు కుహరం బాగా కుంచించుకుపోయింది. మీరు చూస్తున్నది రక్తం నేరుగా అవయవాలను తడిపే రక్తకుహరం. మొలస్కాలో కూడా నిజ శరీరకుహరం గుండె చుట్టూ, మరికొన్ని చోట్ల మాత్రమే మిగిలింది.

పూర్తిగా ఎదిగిన జీవి రూపం ఏమీ చెప్పకపోతే

కొన్ని జంతువులకు పైన చెప్పినవేవీ పనిచేయవు. రాళ్లకు, పడవల అడుగుకు అతుక్కుని ఉండే బార్నకిల్‌కు సున్నపు పలకల గుల్ల ఉంటుంది. లిన్నేయస్ దాన్ని గుల్ల జీవులతో కలిపాడు, కువియే మొలస్కాలో పెట్టాడు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ దాని డింభకాలు ఎలా మారతాయో గమనించి, అవి రొయ్యల, పీతల బంధువులని చూపించాడు. గుల్ల లోపలి నుంచి బయటికొచ్చి నీళ్లను దువ్వే ఈకల్లాంటివి నిజానికి కీళ్లున్న కాళ్లు. జాడీలో బార్నకిల్ పెడితే పలకల మధ్య సందులోంచి ఆ కాళ్లను వెతకండి.

ట్యూనికేట్ సంగతి ఇంకా విచిత్రం. రెండు రంధ్రాలున్న తోలుసంచిలా ఒకే చోట అంటుకుని ఉంటుంది. 1866లో అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ దాని డింభకం తోకలో పృష్ఠవంశం (నోటోకార్డ్ అనే ఊతకడ్డీ), వీపు వైపు బోలు నాడీదండం ఉన్నాయని వివరించాడు. పెద్దయ్యాక తోకతో పాటు పృష్ఠవంశమూ పోతుంది. గ్రసని మొప్పచీలికలు మాత్రం మిగులుతాయి. కాబట్టి జాడీలోని ఆ సంచి మీలాగే కార్డేటా. రంధ్రాలు రెండు ఉన్నాయా, ఒంటి చుట్టూ దళసరి ట్యూనిక్ ఉందా చూసి, కారణాల్లో డింభకాన్ని తప్పక ప్రస్తావించండి.

ఈ పిండదశ ఆధారాల్లోనే ప్రోటోస్టోమ్ (పిండంలోని మొదటి రంధ్రం నోరయ్యేవి), డ్యూటెరోస్టోమ్ (అది పాయువయ్యేవి) విభజన కూడా వస్తుంది. నమూనా చూసి దాన్ని కనిపెట్టలేరు. వర్గం తేలాక దాని నుంచి రాయాల్సిన విషయం అది. పాత పుస్తకాలు చదువుతుంటే ఒక జాగ్రత్త: ఖండితాలు ఉన్నాయి కదా అని అనెలిడా, ఆర్థ్రోపొడాలను దగ్గరి బంధువులుగా చూపించేవారు. 1997 నుంచి డీఎన్‌ఏ ఆధారాలతో ఈ లెక్క మారింది. చర్మం విడిచే జీవులు, అంటే ఆర్థ్రోపొడా, నెమటోడా ఒక గుంపు. అనెలిడా, మొలస్కా మరో గుంపు. అంటే ఖండితాలు గుర్తుపట్టడానికి మంచి ఆధారమే గానీ, చుట్టరికానికి గట్టి సాక్ష్యం కాదు.

బొమ్మ, కొలత

చూసినదాన్ని హెచ్‌బీ పెన్సిల్‌తో ఒకే గీతగా వేయండి. షేడింగ్ వద్దు, దట్టంగా చూపాల్సిన చోట చుక్కలు పెట్టండి. పుస్తకం మూసేసి గీయండి. నమూనాలో కనిపించని భాగాన్ని జ్ఞాపకం నుంచి తెచ్చి బొమ్మలో పెడితే, తనిఖీ చేసేవాళ్లకు అది మొదటి చూపులోనే దొరికిపోతుంది.

ఎక్కువమంది తప్పు రాసేది పరిమాణం దగ్గర. కంటి దగ్గరి కటకం 10, కింది కటకం 10 అయితే మైక్రోస్కోపు 100 రెట్లు పెద్దది చేస్తుంది. బొమ్మ కింద ఆ 100 రాయకూడదు. బొమ్మ ఎన్ని రెట్లో వేరే లెక్క. కంటి కటకం మీద క్షేత్ర సంఖ్య (ఫీల్డ్ నంబర్) 18 అని ఉంటే, దాన్ని కింది కటకం శక్తి 10తో భాగించండి, కనిపించే వృత్తం వ్యాసం 1.8 మిల్లీమీటర్లు. జీవి అందులో మూడో వంతు ఆక్రమిస్తే దాని పొడవు 0.6 మిల్లీమీటర్లు. మీరు కాగితం మీద 12 సెంటీమీటర్లు గీస్తే, 120ని 0.6తో భాగించండి, 200 రెట్లు. బొమ్మ కింద ఇదే రాయాలి.

జవాబు రాయడం

వర్గం పేరు రాసి, కింద రెండు ఆధారాలు రాయండి. ఒకటి మీ నమూనాలో కనిపించింది కావాలి, రెండోది దానిలాగే ఉండే మరో వర్గం ఎందుకు కాదో చెప్పేది కావాలి. "వలయాలున్నాయి కాబట్టి అనెలిడా" అంటే సగం జవాబు. "వలయాలు, శూకాలు ఉన్నాయి, దవడలు, కీళ్ల కాళ్లు లేవు కాబట్టి సిసీలియన్, కీటక డింభకం కావు" అంటే పూర్తి జవాబు. శాస్త్రీయ నామం రాస్తే ప్రజాతి మొదటి అక్షరం పెద్దది, జాతిది చిన్నది, చేతిరాతలో రెండింటి కిందా విడివిడిగా గీత.

జాతి తెలియకపోతే ప్రజాతి దగ్గర ఆపండి. అదీ తెలియకపోతే విభాగం దగ్గర ఆపి, పక్కన ఇంకా ఏం చూస్తే తేలుతుందో ఒక్క మాట రాయండి: డింభకమా, అడ్డుకోతా, బతికున్న జీవి కదలికా అని. ఊహించి రాసిన జాతి పేరు కంటే ఆ ఒక్క మాటే జీవిని మీరు నిజంగా చూశారని చూపిస్తుంది.